హారంలో రూటు ఉంటే తప్పా?

తొమ్మిదో తరగతి లెక్కల పేపర్లో ‘సూక్ష్మీకరించండి’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. √50 ఉంటే 5√2 అనాలి. 1/√2 ఉంటే √2/2 అనాలి. విలువలో ఆవగింజంత తేడా ఉండదు, మార్కులో మాత్రం ఉంటుంది. ఈ ఆఖరి మెట్టు ఎక్కాలా, అక్కర్లేదా అన్నదాని మీద ఒక రిటైరైన లెక్కల మాస్టారికీ, ఆయన దగ్గరే చదువుకుని ఇంజనీరైన ఒకావిడకీ నడిచిన వాదం ఇది. ఇద్దరిలో ఎవరి మాటా తీసిపారేసేది కాదు.

ఇంజనీరు: మాస్టారూ, ముందు పాత బాకీ తేల్చండి. తొమ్మిదో తరగతి యూనిట్ టెస్టులో నేను జవాబు 1/√3 అని రాసి వదిలేశాను. మీరు ఎర్ర పెన్నుతో ‘హారం అకరణీయం చేయలేదు’ అని రాసి అర మార్కు కోశారు. మరుసటేడు పదో తరగతి పుస్తకం తెరిస్తే, త్రికోణమితి పట్టికలో సైన్ 45 డిగ్రీలకి 1/√2 అనీ, టాన్ 30 డిగ్రీలకి 1/√3 అనీ అచ్చేసి ఉంది. మరి పుస్తకానికి అర మార్కు ఎవరు కోశారు?

మాస్టారు: ఎవరూ కోయలేదమ్మా. ఆ పట్టిక బోర్డు మీద రాసినప్పుడల్లా నాకూ చెయ్యి తడబడేది. అమెరికా పుస్తకాల్లో అవే విలువలు √2/2, √3/3 అని ఉంటాయి. మన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం తొమ్మిదిలో నియమం నేర్పి, పదిలో తనే పక్కన పెట్టింది. పుస్తకానికి నిలకడ లేదంటే ఒప్పుకుంటాను, నియమమే దండగంటే ఒప్పుకోను. అది ఎందుకొచ్చిందో చూడు. కాలిక్యులేటర్లు లేని రోజుల్లో 1/√2 విలువ కావాలంటే 1ని 1.41421356తో భాగించాలి. తొమ్మిదంకెల భాజకంతో భాగహారం ఒక్కసారి కాగితం మీద చేసి చూడు, నడుం విరుగుతుంది. అదే √2/2 అయితే 1.41421356లో సగం. 0.70710678. నోటితో చెప్పేయొచ్చు.

ఇంజనీరు: ఆ రోజులు పోయాయి కదా. క్లార్క్ టేబుల్స్ అటకెక్కాయి, స్లైడ్ రూల్ చూసినవాళ్ళే తక్కువ. ఇవాళ ఫోనులో 1/√2 కొట్టినా, √2/2 కొట్టినా జవాబు రెప్పపాటులో వస్తుంది. కారణం పోయాక ఆచారం మిగిలితే ఏమంటారో మీకు నేను చెప్పాలా? తద్దినం నాడు పిల్లిని గంప కింద మూసిన కథే.

మాస్టారు: పిల్లి ఇంకా ఇంట్లోనే తిరుగుతోందమ్మా. పదో తరగతి పరీక్షకి కాలిక్యులేటర్ తీసుకెళ్ళనివ్వరు. జేఈఈకీ అంతే. పేరు ఈఏపీసెట్ అని మారినా అందరూ ఎంసెట్ అనే పిలిచే పరీక్షలో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాలి, లెక్క కట్టడానికి చేతిలో పెన్ను తప్ప ఇంకేమీ ఉండదు.

ఇంజనీరు: ఆ పరీక్షల్లో దశాంశ విలువ కట్టమనేది ఎన్నిసార్లు? నాలుగు ఆప్షన్లలో ఏ రూపం అచ్చేశారో దానికి మన జవాబుని సరిపోల్చుకోవడమే కదా. ఒక్కోసారి ఆప్షన్లోనే రూటు హారంలో కూర్చుని ఉంటుంది. అప్పుడు హారాన్ని శుభ్రంగా తుడిచిన పిల్లాడే మళ్ళీ వెనక్కి నడవాలి.

మాస్టారు: సరే, భాగహారం సంగతి వదిలేద్దాం. ఇంకోటి పెడతాను, దానికి జవాబు చెప్పు. 1/(√3 − √2) తీసుకో. √3ని 1.7 అనుకో, √2ని 1.4 అనుకో. ఉన్నదున్నట్టు చేస్తే 1ని 0.3తో భాగించాలి, 3.33 వస్తుంది. ఇప్పుడు పైనా కిందా √3 + √2తో గుణించు. కింద 3 − 2, అంటే 1. పైన మిగిలింది √3 + √2. అవే ముతక విలువలు వేస్తే 3.1. అసలు విలువ 3.146. మొదటి దారిలో తప్పు దాదాపు 6 శాతం, రెండో దారిలో ఒకటిన్నర. చేతిలో ఉన్న అంకెలు అవే, రూపం మాత్రమే మారింది.

ఇంకా కావాలంటే 1/(3 − 2√2) చూడు. √2ని 1.4 అనుకుంటే హారం 0.2, జవాబు 5. సూక్ష్మీకరిస్తే అది 3 + 2√2, అదే 1.4తో 5.8 వస్తుంది. అసలుది 5.828. దగ్గరదగ్గరగా ఉన్న రెండు సంఖ్యల్ని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే నిజమైన అంకెలు కొట్టుకుపోయి, సవరణలో చేసిన తప్పు పైకి తేలుతుంది. నీ ఫోను పదిహేను అంకెలు దాచుకుంటే దానికి పదహారో అంకె దగ్గర ఇదే గతి.

ఇంజనీరు: ఇది గట్టి మాట. మా పనిలో దీనితో రోజూ తంటాలే. కానీ మాస్టారూ, మీరు చెప్పినదాంట్లో ఉన్న నియమం ‘హారంలో రూటు ఉండకూడదు’ అన్నది కాదు కదా. ‘దగ్గరదగ్గర సంఖ్యల్ని తీసివేయకు’ అన్నది. √10001 − 100 తీసుకోండి. ఇందులో హారమే లేదు, మీ లెక్కన ఇది కడిగిన ముత్యం. ఆరంకెల కాలిక్యులేటర్లో 100.005 లోంచి 100 పోతే 0.005 వస్తుంది, ఉన్న ఆరంకెల్లో ఒక్కటే మిగులుతుంది. నేనైతే దాన్ని 1/(√10001 + 100) అని తిరగేస్తాను. అంటే రూటుని పనిగట్టుకుని హారంలోకి దింపుతాను. 1ని 200.005తో భాగిస్తే 0.00499988 వస్తుంది, ఆరంకెలూ నిలబడతాయి. ఇది మీ క్లాసులో రాసుంటే నాకు ఇంకో అర మార్కు పోయేది.

మాస్టారు: పోయేదే. ఒప్పుకుంటున్నాను.

ఇంజనీరు: ఇంటర్లో లిమిట్స్ గుర్తున్నాయా? (√(1 + 0.01) − 1)/0.01 లాంటివి, ఆ 0.01ని సున్నా వైపు జరుపుకుంటూ పోతే ఏమవుతుందని అడుగుతారు. అక్కడ అకరణీయం చేసేది లవాన్ని. రూట్లన్నీ కిందికి దిగాకే 1/2 అన్న జవాబు కంటికి కనిపిస్తుంది.

మాస్టారు: కనిపిస్తుంది, నిజమే. ఆ లవం మీద పనిచేసే చెయ్యి ఎక్కడ తయారైంది మరి? సంయుగ్మంతో గుణించడం, గుర్తు మార్చి పైనా కిందా వేయడం, రెండు వర్గాల భేదంగా రాలగొట్టడం. ఇవన్నీ తొమ్మిదిలో హారం మీద రుద్దీ రుద్దీ వచ్చిన అలవాట్లు. వీణ నేర్చుకునే పిల్ల సరళీ స్వరాలు కచేరీలో వాయించదు. అలాగని వాటిని మానేసిన పిల్ల కచేరీ చేయగలదా?

ఈ చెయ్యి చాలా పాతది కనుక ఇక్కడ కొంత చరిత్ర చెప్పుకోవాలి. తెలుగు లెక్కల పుస్తకంలోని ‘అకరణీయం’ అన్న మాటలోనే అదంతా ఇమిడి ఉంది. కరణి లేనిది అకరణీయం. కరణి అంటే శుల్బసూత్రాల వాళ్ళకి యజ్ఞవేదిక కొలిచే తాడు ఇచ్చే భుజం. చదరానికి రెట్టింపు వైశాల్యం ఉన్న చదరాన్ని చేసేది ద్వికరణి, మూడు రెట్లు చేసేది త్రికరణి. మనం √2, √3 అంటున్నవి అవే. ప్రవర చెప్పుకునేటప్పుడు ‘ఆపస్తంబ సూత్రః’ అనే తెలుగువాళ్ళకి తెలియకపోవచ్చుగానీ, ఆ ఆపస్తంబుడి శుల్బసూత్రంలోనూ, బౌధాయనుడి దాంట్లోనూ ద్వికరణికి ఒక కొలత ఉంది: ఒకటి, దానికి మూడో వంతు కలిపి, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలిపి, ఈ చివరి ముక్కలో ముప్పై నాలుగో వంతు తీసేయాలి. మొత్తం కలిపితే 577/408 అవుతుంది. ఐదు దశాంశ స్థానాల వరకూ √2తో సరిపోతుంది.

గుర్తు మార్చి పైనా కిందా గుణించే కిటుకుని 628లో బ్రహ్మగుప్తుడు ‘బ్రహ్మస్ఫుటసిద్ధాంతం’లో చెప్పాడు. భాజకంలో ఒక కరణి గుర్తు తిప్పు, దానితో భాజ్యాన్నీ భాజకాన్నీ గుణించు, భాజకంలో ఒక్కటే మిగిలేదాకా మళ్ళీ మళ్ళీ చెయ్యి. మాస్టారు తొమ్మిదో తరగతికి చెప్పింది దాదాపు అదే మాట. అయితే అదే సంప్రదాయంలోని ఇంకో పుస్తకం ఇంజనీరు చేతికి చిక్కింది.

ఇంజనీరు: పాతవాళ్ళ సాక్ష్యం అంటే నాకూ ఒకరున్నారు. భాస్కరాచార్యుల ‘బీజగణితం’, 1150. ఆయన కరణి ముందు ‘క’ అని రాసేవాడు. రెండు, ఎనిమిది అనే కరణుల్ని కూడమని ఉదాహరణ ఇచ్చాడు. అంటే √2 + √8. మీ క్లాసులో అయితే √8ని 2√2 చేసి, 3√2 అనాలి. భాస్కరుడు ఏం చేశాడు? 2, 8 కలిపి 10. వాటి లబ్ధం 16కి మూలం 4, దాని రెట్టింపు 8. ఆ రెండూ కలిపి 18. జవాబు ‘కరణి పద్దెనిమిది’, అంటే √18. అంతా రూటు లోపలే. మీ లెక్కన ఆయన జవాబు సూక్ష్మీకరించనట్టే. భాస్కరాచార్యులకి ఎన్ని మార్కులు వేస్తారు?

మాస్టారు: ఆయనకి √18 అనడం సులువు, ఎందుకంటే ఆయన దగ్గర ప్రతి రాశీ ‘క’తో మొదలయ్యే వరసలోనే ఉంటుంది. రూపం ఎప్పుడూ ఆ కాలపు రాతకి తగ్గట్టు ఉంటుంది. కానీ ఒకటి గమనించు. మూడు, ఏడు కరణుల్ని కూడమన్నప్పుడు అవి కలవవు కనుక విడివిడిగానే ఉంచమన్నాడు. ఏవి కలుస్తాయి, ఏవి కలవవు అని ఆయనా తేల్చుకున్నాడు. సూక్ష్మీకరణకి అసలు ప్రాణం అక్కడుంది.

ఇప్పుడు నా పెద్ద వాదన చెబుతాను, విను. √50 − √18 − √8 ఎంత? చూడగానే తెలియదు. ఒక్కోదాన్ని ఒక దశాంశానికి సవరించి చేస్తే 7.1 − 4.2 − 2.8, అంటే 0.1 వస్తుంది. కాలిక్యులేటర్లో చేస్తే పదహారో స్థానంలో ఏదో ఒక చెత్త అంకె మిగలొచ్చు, అది నిజంగా ఉన్నదో, యంత్రం మిగిల్చిందో ఎలా తెలుస్తుంది? సూక్ష్మీకరించు: 5√2 − 3√2 − 2√2. సున్నా. ఇక సందేహం లేదు. ఒక సంఖ్యని ఒకే ఒక్క రూపంలో రాస్తామని ముందే ఒప్పుకుంటేనే రెండు జవాబులు ఒకటో కాదో తేల్చగలం.

నలభై పేపర్లు దిద్దినవాడిగా చెబుతున్నాను. ఒకడు 1/(√2 + 1) అంటాడు, ఒకతె √2 − 1 అంటుంది, ఇంకొకడు √(3 − 2√2) అంటాడు. మూడూ ఒకటే. అకరణీయ సంఖ్య ఒకటి, √2కి అకరణీయ గుణకం ఒకటి, ఈ రెంటి మొత్తంగా రాయమంటే √2 − 1 తప్ప ఇంకో దారి లేదు. ఆ రూపం ప్రతి సంఖ్యకీ ఒక్కటే ఉంటుంది. దాన్ని నిరూపించవచ్చు, అందులో నా చాదస్తం ఏమీ లేదు.

ఇంజనీరు: ఇక్కడ సగం తగ్గుతాను. √50ని 5√2 చేయాలి, అందులో వాదన లేదు. చేయకపోతే మీరు చూపించిన సున్నా కనపడదు. హారంలో రెండు పదాలున్నప్పుడు కూడా మీరన్నట్టు చేయడంలో లాభం ఉంది. నా పేచీ ఒంటరి 1/√2తోనే. దాన్నే అందరూ ఒప్పుకున్న రూపం అనుకున్నా పోలిక ఆగిపోదు.

పైగా ఈ ‘ఒకే రూపం’ అన్నది పై మెట్లు ఎక్కేకొద్దీ చేజారిపోతుంది. రామానుజన్ చూపించిన సమానత ఒకటుంది: ∛(∛2 − 1) అంటే ∛(1/9) − ∛(2/9) + ∛(4/9). రెండు వైపులా దాదాపు 0.638. ఎడమవైపు పొట్టిగా ఉంది, కానీ రూటులో రూటు. కుడివైపు రూటులో రూటు లేదు, కానీ మూడు ముక్కలు, పైగా రూటు లోపల భిన్నాలు. ఏది సూక్ష్మం? ఇలా ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న మూలాల్ని విప్పే పద్ధతి కంప్యూటర్‌కి నేర్పడం మీద సూసన్ లాండౌ రాసిన పరిశోధన 1992లో అచ్చయింది. తొమ్మిదో తరగతి పిల్లాడికి ఒక్క మాటలో ఆజ్ఞాపించేది, యంత్రానికి చెప్పాలంటే పెద్ద పరిశోధన అయింది.

మాస్టారు: కష్టమైనంత మాత్రాన వదిలేస్తే గణితవేత్త బొంబెల్లి ఏమయ్యేవాడు? ఒక సంఖ్య ఘనం, ఆ సంఖ్యకి పదిహేను రెట్లకి 4 కలిపితే వచ్చినంత. ఘన సమీకరణాల సూత్రం ప్రకారం వెళితే ∛(2 + √−121) + ∛(2 − √−121) అనే భయంకరమైన జవాబు వస్తుంది. నోటితో చూస్తే 4 సరిపోతుంది: 64 అంటే 60 + 4. మరి ఆ భయంకరం 4 ఎలా అవుతుంది? ఒక్కో ఘనమూలం లోపలికి దిగి, మొదటిది 2 + √−1 అనీ, రెండోది 2 − √−1 అనీ 1572లో ఆయన విప్పి చూపించాడు. కలిపితే 4. సూక్ష్మీకరించాలనే పట్టుదల వల్లే ఊహాసంఖ్యలతో లెక్క చేయొచ్చన్న ధైర్యం లోకానికి వచ్చింది. ‘రెండూ ఒకటేగా, ఎలా ఉంటే ఏం’ అని ఆయన కూడా ఆగిపోయుంటే?

ఇంజనీరు: ఆయన విప్పింది లోపల ఏముందో చూడ్డానికి. 1/√2ని √2/2 చేస్తే లోపలున్నది కనిపించడం మాట అటుంచి, కప్పబడిపోతుంది. ఇంట్లో ప్లగ్గులో వచ్చే కరెంటు 230 వోల్టులు అంటాం. అలల శిఖరం దగ్గర అది 325. ఆ 325ని √2తో భాగిస్తే 230. వర్గాల సగటు తీసి మూలం కడితే వచ్చే √2 అది, హారంలోనే దానికి అర్థం. క్వాంటమ్ కంప్యూటింగ్ వాళ్ళని అడగండి. 0, 1 రెండింటికీ సమాన అవకాశం ఉన్న క్యూబిట్‌కి గుణకం 1/√2 అని రాస్తారు, ఎందుకంటే వర్గం చేస్తే 1/2 అని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. √2/2 అని రాస్తే వర్గం చేసి, 2/4 అని, మళ్ళీ దాన్ని కొట్టేసి... ఎందుకొచ్చిన బాధ?

మాస్టారు: నీకు కరెంటు, నాకు కాగితం. ఏ4 షీటు తీసుకో. 210 మిల్లీమీటర్లు, 297 మిల్లీమీటర్లు. పొడుగుని వెడల్పుతో భాగిస్తే 1.414. ఆ కాగితాన్ని మధ్యకి మడువు. ఇప్పుడు 148.5, 210. మళ్ళీ 1.414. ఎందుకలా అయింది? వెడల్పు 1, పొడుగు √2 అనుకుంటే, మడిచాక పొడుగు √2/2 అవుతుంది. ఆ √2/2కీ 1కీ ఉన్న నిష్పత్తి, 1కీ √2కీ ఉన్న నిష్పత్తే. నువ్వు అక్కర్లేదంటున్న ఆఖరి మెట్టు ఆ మడతే తల్లీ. జిరాక్స్ షాపులో ఏ3ని ఏ4కి తగ్గించమంటే అతను 71 శాతం అని నొక్కుతాడు. సగం √2 అది. పెంచమంటే 141.

ఇంకా వెనక్కి వెళ్ళు. యేల్ విశ్వవిద్యాలయంలో వైబీసీ 7289 అనే బాబిలోనియా మట్టిపలక ఉంది, మూడున్నర వేల ఏళ్ళు దాటినది. దాని మీద ఒక చదరం, రెండు కర్ణాలు. భుజం 30. కర్ణం మీద 1, 24, 51, 10. అరవైల లెక్కలో అది √2. దాని కింద 42, 25, 35. వాళ్ళ రాతలో 30 అంటే అర అని కూడా చదవొచ్చు, అరవైలో ముప్పై కనుక. అలా చదివితే కింది సంఖ్య సగం √2.

ఇంజనీరు: అలా చదివితే అదే 1/√2 కూడా. పైనున్న దానికి అది విలోమం. పలక రాసినవాడు రెండింట్లో ఏది అనుకుని రాశాడో మీరెలా చెప్పగలరు?

మాస్టారు: చెప్పలేను.

ఇంజనీరు: ఇదిగో నన్ను నిజంగా బాధపెట్టేది చెబుతాను. వాళ్ళింట్లో అందరికంటే మొదట బడికెళ్ళిన పిల్ల ఉంటుంది. 1/√3 అని రాస్తుంది, కొట్టివేత పడుతుంది. √3/3 ‘ఒప్పు’ అనీ, 1/√3 ‘తప్పు’ అనీ ఆమె మనసులో నాటుకుంటుంది. రెండూ ఒకే సంఖ్య అన్న సంగతి ఆ కొట్టివేత కింద పడి నలిగిపోతుంది. ఇంకోవైపు అదే క్లాసులో √(9 + 16)ని 3 + 4 అని రాసేవాళ్ళున్నారు, జవాబు 5 కావాల్సిన చోట 7. (−3) వర్గానికి మూలం −3 అనేవాళ్ళున్నారు, 3 అని తెలియక. అవి అసలు తప్పులు. వాటి మీద పెట్టాల్సిన పీరియడ్లు మనం హారాలు తుడవడానికి ఖర్చు పెడుతున్నాం. సూక్ష్మీకరించండి అంటారు. సూక్ష్మం అంటే చిన్నది కదా. ఈ పని చేసినప్పుడల్లా జవాబు పెద్దదవుతుంటే ఆ మాటకి అర్థమేమిటని ఏ పిల్లైనా అడిగితే మీరు ఏం చెప్పేవారు?

మాస్టారు: ఒకడు అడిగాడు. నోరుమూసుకుని చెయ్యమన్నాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. ‘తప్పు’ అని కొట్టేయకుండా ‘ఇంకో మెట్టుంది’ అని రాయాల్సింది. అయినా నీకొక పేపరు చూపిస్తాను, నువ్వే దిద్దు. ప్రశ్న 1/(1 + √2 + √3), నాలుగు మార్కులు. పిల్లాడు √3 గుర్తు తిప్పాడు, పైనా కిందా గుణించాడు, (1 + √2 − √3)/(2√2) దగ్గర ఆగిపోయాడు. ఎన్ని వేస్తావు?

ఇంజనీరు: నాలుగు.

మాస్టారు: పక్క పిల్ల ఇంకో మెట్టు వేసి (2 + √2 − √6)/4 అని రాసింది. ఆమెకి?

ఇంజనీరు: నాలుగే.

మాస్టారు: ఆమె పడిన శ్రమ సంగతి?

ఇంజనీరు: ఆ శ్రమ దేనికి పనికొస్తుందో చూద్దాం. వాళ్ళిద్దరికీ 1/(1 + √2 − √3) కూడా ఇచ్చి, మొదటిదానితో కూడమనండి. ఆగిపోయిన పిల్లాడికి అది (1 + √2 + √3)/(2√2) అవుతుంది. హారం రెండింటికీ ఒకటే, పైన √3లు కొట్టుకుపోయాయి. రెండు లైన్లలో 1 + 1/√2. పక్క పిల్లకి √6లు కొట్టుకుపోయి 1 + √2/2 వస్తుంది.

మాస్టారు: ఇద్దరూ సమంగానే తేలారంటావు.

ఇంజనీరు: మీరే చూశారుగా.

మాస్టారు: చూశాను. మొదటి లెక్కకి మనిద్దరం మూడున్నరా, నాలుగా అని ఇంకా దెబ్బలాడుకోవచ్చు. ఈ రెండో లెక్కలో మాత్రం ఆ పిల్లాడు ఆఖర్న రాసిన 1/√2కి నేను అర మార్కు కోస్తాను.